తెల్లటి మడ్డి

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే ముందు చౌటుప్పల్ తగులుతుంది. ఆ మండలంలోని లింగోజిగూడెంలో దివీస్ లేబొరేటరీస్ ఫ్యాక్టరీ 1995లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పెప్టైడ్ మందులకు ముడిసరుకయ్యే అమైనో ఆమ్లాలకు రసాయన కవచం తొడిగి అమ్మడం ఆ కంపెనీ చేసే పనుల్లో ఒకటి. అదే రోడ్డున ఇంకో నూటనలభై కిలోమీటర్లు వస్తే జగ్గయ్యపేట, అది దాటితే నందిగామ. మొన్నమొన్నటి దాకా ఇది కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఈ మెట్ట ఊళ్లలో కెమిస్ట్రీ చదివిన పిల్లలకు ఉద్యోగమనగానే గుర్తొచ్చేవి ఈ రోడ్డు పక్కనా, హైదరాబాద్ చుట్టూతా ఉన్న మందుల కంపెనీలే. 1984లో దావులూరి రామమోహనరావు స్థాపించిన న్యూలాండ్ లేబొరేటరీస్ పెప్టైడ్లు చేస్తోంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఐఐసీటీలో జి.వి.ఎం. శర్మ బృందం బీటా పెప్టైడ్ల మెలికల మీద, దాని పక్కనే ఉన్న సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్ల మీద ఏళ్ల తరబడి పరిశోధించాయి.

ఆ పిల్లల్లో ఎవరైనా పెప్టైడ్ ల్యాబులో చేరితే మొదటి నెలల్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. గాజు వెసెల్ గోడల మీద, ఫిల్టర్ పలక మీద, సన్నటి గొట్టాల లోపల తెల్లగా ఏదో అంటుకుని, ఎంత కడిగినా వదలదు. చూడ్డానికి చిన్న విషయం. కానీ పెప్టైడ్ల తయారీలో సగం వైఫల్యాలకు దారి దీన్నుంచే మొదలవుతుందని నా నమ్మకం. దీన్ని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ ఉంటుంది. అది 9 అమైనో ఆమ్లాల పెప్టైడ్. దాన్ని విన్సెంట్ డు విన్యో 1953లో ల్యాబులో తయారుచేశాడు, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ రోజుల్లో ఒక్కో అమైనో ఆమ్లం కలిపినప్పుడల్లా వచ్చిన పదార్థాన్ని వేరుచేసి, స్ఫటికీకరించి, శుద్ధిచేసి, మళ్లీ ఎత్తుకునేవారు. నెలల తరబడి పని.

1963లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో బ్రూస్ మెరిఫీల్డ్ ఈ కష్టానికి ఒక దారి చూపించాడు. గొలుసు మొదటి కొసను పాలిస్టైరీన్ రెసిన్ పూసకు కట్టేశాడు. పూస ద్రావణిలో కరగదు. కాబట్టి చర్య జరిగాక మిగిలిన చెత్తనంతా వడగట్టి పారబోస్తే గొలుసు మాత్రం పూసకు వేలాడుతూ ఉండిపోతుంది. మళ్లీ కడుగు, తర్వాతి అమైనో ఆమ్లం వెయ్యి, మళ్లీ కడుగు. మొదటిసారి నాలుగు అమైనో ఆమ్లాల గొలుసు కట్టాడు. 1969లో బెర్న్డ్ గుట్టేతో కలిసి 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ ఎంజైమును ఇదే పద్ధతిలో కట్టాడు. అందుకు 369 రసాయన చర్యలు, 11,931 దశలు పట్టాయి. ఆ దశల్లో అత్యధికం పొయ్యడం, కలపడం, వడగట్టడమే. 1984లో మెరిఫీల్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పద్ధతిని ఏ పేరుతో పిలిచినా దాని ప్రాణం మాత్రం కడుగుడులో ఉంది. పాత పద్ధతిలో శుద్ధి చేసే పనిని ఇక్కడ కడుగుడు ఒక్కటే నెత్తిన వేసుకుంది. అందుకే సరిగ్గా కడగని చోట మెరిఫీల్డ్ పద్ధతి మొత్తం కుప్పకూలుతుంది.

ఎంత కూలుతుందో లెక్క వేసి చూడండి. ఈమధ్య మధుమేహానికీ ఊబకాయానికీ పేరుమోగిన టిర్జెపటైడ్‌లో 39 అమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కొక్కటిగా కడితే 38 కప్లింగులు, అంటే అతికింపులు. ప్రతి కప్లింగూ 99 శాతం సవ్యంగా జరిగితే చివరికి సరైన గొలుసులు 68 శాతం. 95 శాతమే జరిగితే 14 శాతం. ఈ నాలుగు శాతం తేడా మంచి రసాయనాలు కొన్నా పోదు, ఒక మూల మిగిలిపోయిన మడ్డి వల్ల వచ్చిందైతే.

ఇప్పుడు ఆ వెసెల్‌ను దగ్గరగా చూద్దాం. నిలువు గాజుగొట్టం, అడుగున పొడిగాజును కాల్చి అతికించిన చిల్లుల పలక. ల్యాబులో దాన్ని ఫ్రిట్ అంటారు. జి3 రకం పలక రంధ్రాలు 16 నుంచి 40 మైక్రాన్లు, రెసిన్ పూసలు సాధారణంగా 75 నుంచి 150 మైక్రాన్లు. పూసలు పైన ఆగుతాయి, ద్రావణి కిందికి దిగుతుంది. డీఎంఎఫ్ అనే ద్రావణి పోయగానే పూసలు నానిన సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. అలా ఉబ్బితేనే లోపలి గొలుసుల దాకా రసాయనాలు చేరతాయి. మొదటి రోజు అర నిమిషంలో దిగిపోయిన ద్రావణి పదో కప్లింగుకు వచ్చేసరికి మూడు నాలుగు నిమిషాలు నిలబడి ఉంటుంది. వాక్యూమ్ పెంచితే ఇంకా బిగుసుకుంటుంది. పలక అంచున తెల్లటి వలయం. గోడ మీద, ద్రావణి తగలని ఎత్తులో, పొడిబారిన పూసల చారిక. కొత్త కెమిస్టు చేయి వెంటనే డీఎంఎఫ్ సీసా మీదికి పోతుంది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపాలి. తెల్లగా కనబడేవన్నీ ఒకటి కావు, దేనికి ఏది కరుగుతుందో తెలియకుండా పోస్తే మడ్డి ఉన్న చోటే ఉంటుంది, డ్రమ్ములు మాత్రం ఖాళీ అవుతాయి.

మొదటి అనుమానితుడు యూరియా. కప్లింగుకు వాడే డీఐసీ తన పని ముగించుకుని డైఐసోప్రొపైల్ యూరియాగా మారుతుంది. ఇది డీఎంఎఫ్‌లో అంతంతమాత్రంగా కరుగుతుంది. గది చల్లబడితే సూదుల్లాంటి స్ఫటికాలుగా గొట్టంలోనూ వాల్వులోనూ పేరుకుంటుంది. డైక్లోరోమీథేన్ లేదా మెథనాల్ పోస్తే పోతుంది. దీనికన్నా మొండిది, పాతకాలపు డీసీసీ వదిలే యూరియా. అది దేనికీ లొంగక ఫ్రిట్లు మూసేస్తుండడం వల్లే పూసల మీద పనిచేసేవాళ్లు డీసీసీ వదిలి డీఐసీకి మారారు.

రెండో అనుమానితుడు, అమైనో ఆమ్లాలకు తొడిగే ఎఫ్‌మాక్ కవచం తీసేసినప్పుడు రాలే డైబెంజోఫుల్వీన్. లూయీ కార్పినో 1970లో కనిపెట్టిన ఈ కవచాన్ని పైపెరిడీన్‌తో ఊడగొడతారు. ఊడిన ముక్క పైపెరిడీన్‌తో జతకడితే మంచిదే, ద్రవంతోపాటు దిగిపోతుంది. 301 నానోమీటర్ల కాంతిని అది పీల్చుకునే తీరును బట్టి కవచం ఎంత ఊడిందో కూడా కొలవచ్చు. పైపెరిడీన్ చాలకపోయినా, కడుగుడు ఆలస్యమైనా ఆ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని కరగని తెల్లటి పాలిమర్‌గా గట్టిపడతాయి. వాడిన ద్రవాన్ని వెంటనే పంపేసి, ఆలస్యం చేయకుండా డీఎంఎఫ్‌తో కడగడం తప్ప దీనికి మంచి మందు లేదు.

మూడోది రెసిన్ తాలూకు నూక. పూసలను అయస్కాంతపు కడ్డీతో కలిపితే అది రోకలిలా వాటిని నలగ్గొడుతుంది. విరిగిన ముక్కలు ఫ్రిట్ రంధ్రాల్లో సరిగ్గా ఇరుక్కుంటాయి. భూతద్దం కింద పెడితే గుండ్రటి పూసలు, కోసుగా విరిగిన ముక్కలు, యూరియా సూదులు మూడూ మూడు రకాలుగా కనిపిస్తాయి. ఇది ఐదు నిమిషాల పని. చాలా ల్యాబుల్లో ఇది జరగకపోవడం చూస్తే బాధేస్తుంది. నూక పట్టిన ఫ్రిట్‌ను తిరగేసి కిందినుంచి ద్రావణి ఎదురు పంపాలి. పూసలను ఇకపై ఊపుడు యంత్రం మీదో, నత్రజని బుడగలతోనో కలపాలి. గోడకు అంటి ఎండిన పూసలది ఇంకో కష్టం: ద్రావణి తగలకపోవడంతో వాటి మీది గొలుసులు వెనకబడతాయి, ఏదో ఒక ఊపులో మళ్లీ కిందికి జారి మంచివాటిలో కలిసిపోతాయి. గాజు లోపలి గోడకు ముందుగా డైక్లోరోడైమిథైల్‌సిలేన్ పూత పెడితే పూసలు అంటుకోవు.

నాలుగో అనుమానితుడి దగ్గరికి వస్తే మన మెట్ట నేల గురించి చెప్పాలి. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి. జయంతిపురంలో రామ్‌కో సిమెంటు, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది అందుకే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి బయటపెట్టిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపం శిల్పాలు చెక్కినదీ సున్నపురాతి పలకల మీదే. మాంధాత చక్రవర్తి బొమ్మ ఉన్న పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ రాయి గుండా దిగిన వాన నీళ్లు కాల్షియం బైకార్బొనేటును మోసుకుని బోర్లలోకి చేరతాయి. నీళ్లు కాచిన గిన్నెల అడుగున గార కట్టడం ఇక్కడ ప్రతి ఇంటి అనుభవం. నీళ్లు వేడెక్కితే బైకార్బొనేటు నుంచి కార్బన్ డయాక్సైడు పోయి కాల్షియం కార్బొనేటు మిగులుతుంది. ల్యాబులో రోటావేపర్ వేడినీళ్ల తొట్టిలోనూ, కండెన్సర్ గొట్టాల్లోనూ, రియాక్టర్ జాకెట్లోనూ జరిగేది ఇదే. జాకెట్లో గార పేరుకుంటే వేడి సరిగా అందదు, కంట్రోలర్ చూపించే ఉష్ణోగ్రతా లోపలిదీ ఒకటి కాదు. గాజు సామానును చివర బోరు నీళ్లతో తొలిచి ఓవెన్లో పెడితే ప్రతి చుక్కా ఆరిన చోట తెల్ల మచ్చ.

ఈ మచ్చను యూరియా అనుకుని డీఎంఎఫ్‌తో కడిగితే రోజంతా కడిగినా కదలదు. దీని పరీక్ష తేలిక: సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క, అది లేకపోతే వెనిగర్. బుసబుస పొంగితే కార్బొనేటు. పొంగకపోతే వేరే దారి వెతకాలి. కడిగాక చివరి తొలుపుడు శుద్ధజలంతోనే చేయాలి, బోరు నీళ్లతో అసలు వద్దు. గారను పట్టించుకోకుండా అదే వెసెల్‌లో పెప్టైడ్‌ను పూసనుంచి కోసే ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం పోస్తే, ఆ ఆమ్లమే గారను కరిగించి కాల్షియం లవణాన్ని మందులో కలుపుతుంది.

కంటికి కనిపించే మడ్డి గురించి ఇంతసేపూ చెప్పుకున్నాం. దీనికన్నా కనిపించనిది ప్రమాదకరం, దాన్ని పట్టుకోవడానికి మాస్ స్పెక్ట్రోమీటరు కావాలి. గొలుసు బరువులో వచ్చిన తేడా దోషిని పట్టిస్తుంది. అనుకున్నదానికన్నా 57 ఎక్కువ వచ్చిందంటే గొలుసులో ఒక గ్లైసీన్ అదనంగా చేరింది, 71 ఎక్కువైతే ఒక అలనీన్. అలా ఎందుకు చేరుతుంది? కవచం తీయడానికి పోసిన పైపెరిడీన్ పూర్తిగా పోకుండా గొట్టం వంపులోనో వాల్వులోనో కాస్త నిలిచిపోయింది. తర్వాత వచ్చిన అమైనో ఆమ్లం కవచాన్ని అది ముందే ఊడగొట్టింది. దాంతో ఒకటి చేరాల్సిన చోట రెండు చేరాయి. అంతే బరువు తగ్గి వస్తే సంగతి తలకిందులు: అమైనో ఆమ్లం చేరనే లేదు. గొట్టంలో స్ఫటికాలు కట్టి రావాల్సినంత ద్రావణం రాలేదేమో చూడాలి. పంపు చెప్పే లెక్కను నమ్మకుండా కొలజాడీలోకి ఒకసారి వదిలి చూస్తే తెలిసిపోతుంది. 67 ఎక్కువ వచ్చిందంటే ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర పైపెరిడీన్ వచ్చి తగులుకుంది. 56 ఎక్కువైతే పక్కగొలుసు మీది టెర్షియరీ బ్యూటైల్ కవచం పూర్తిగా ఊడలేదు.

ఏ గొలుసు బరువుతోనూ సంబంధం లేకుండా 44 చొప్పున మెట్లుమెట్లుగా శిఖరాలు కనబడితే అది పాలిఇథిలీన్ గ్లైకాల్. కడగడానికి వాడిన డిటర్జెంట్ మిగిలిందన్నమాట. 74 మెట్లయితే సిలికోన్, అంటే వాక్యూమ్ గ్రీజు లేదా సిలికోన్ గొట్టం. 391 దగ్గర ఒంటరిగా నిలబడే శిఖరం ప్లాస్టిక్కును మెత్తబరిచే థాలేటుది. కొన్నిసార్లు శుభ్రం చేయడానికి వాడిన పదార్థమే మడ్డి అవుతుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. సబ్బు ఎక్కువ వేసినకొద్దీ శుభ్రమని మనకు చిన్నప్పటినుంచి అలవాటు. ఈ ల్యాబులో సబ్బు తక్కువ, తొలుపుడు ఎక్కువ ఉండాలి.

అనుమానం ఏదైనా తేల్చుకోవడానికి మంచి ఉపాయం ఖాళీ పరుగు. రెసిన్ వేయకుండా, అమైనో ఆమ్లం వేయకుండా, మామూలు బ్యాచ్‌లో పోసినట్టే ద్రావణులన్నీ వరసగా పోసి, బయటికి వచ్చినదాన్ని, అందులోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీలో చూడాలి. అక్కడ శిఖరం వచ్చిందంటే దోషం పెప్టైడ్‌ది కాదు, యంత్రానిది. ఒక షిఫ్టు పోతుందని ఈ పరుగును వదిలేసేవాళ్లు తర్వాత వారాలు పోగొట్టుకుంటారు.

పూసల మీద జరిగే పరీక్ష కూడా ఒకటుంది. 1970లో ఎమిల్ కైజర్ రూపొందించిన నిన్‌హైడ్రిన్ పరీక్ష. పది పదిహేను పూసలు చిన్న గొట్టంలో తీసుకుని మూడు ద్రావణాల చుక్కలు వేసి ఐదు నిమిషాలు వేడిచేస్తే, అమైన్ కొస ఖాళీగా ఉన్న పూసలు నీలంగా మారతాయి. కప్లింగు పూర్తయితే పసుపు పచ్చగానే ఉండిపోతాయి. కప్లింగు తర్వాత పూసల్లో కొన్ని ముదురు నీలం, కొన్ని పసుపు కనబడితే ద్రావణం అన్ని పూసలకూ సమంగా అందలేదని అర్థం: ఫ్రిట్ ఒక పక్క మూసుకుపోయింది, లేదా పూసలు గోడకెక్కాయి. ఒక్క జాగ్రత్త, ప్రోలీన్ కొస ఉంటే నీలం రాదు, దానికి క్లోరానిల్ పరీక్ష చేయాలి.

ప్రాణం మీదికి వచ్చే విషయాలు కొన్ని గట్టిగా చెప్పాలి. మడ్డి వదల్లేదన్న కోపంలో గాఢ నత్రికామ్లం ఎత్తుకోవద్దు. గాజుకు అంటిన ఆల్కహాలు, అసిటోను తగిలితే పేలుతుంది. వెనకటి క్రోమిక్ ఆమ్లం క్యాన్సర్ కలిగించేది, పైగా క్రోమియాన్ని గాజు మీదే వదిలిపోతుంది. ఫ్రిట్ ఉన్న సామానును గాఢ క్షారంలో నానబెట్టకూడదు, క్షారం రంధ్రాల గాజును తినేస్తుంది. డీఐసీని, కప్లింగులో దానికి తోడుగా వాడే ఆక్సీమాతో కలిపితే డీఎంఎఫ్‌లో మామూలు గది ఉష్ణోగ్రతకే హైడ్రోజన్ సయనైడు పుడుతుందని 2019లో వెల్లడైంది. ఆ రెండూ కలిసిన ద్రావణాన్నీ, దాని వ్యర్థాల క్యానునూ ఫ్యూమ్‌హుడ్ బయట పెట్టకూడదు. కైజర్ పరీక్ష ద్రావణాల్లో ఒకదానిలో పొటాషియం సయనైడు ఉంటుంది, దాన్ని ఆమ్లం ఉన్న వ్యర్థాల్లో ఎప్పుడూ పోయొద్దు.

ఫ్యాక్టరీకి వెళితే ఈ శ్రద్ధే చట్టమవుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ నిబంధనల్లో 211.67వది పరికరాల శుభ్రత గురించే, తనిఖీకి వచ్చినవాళ్లు లోపాలు రాసిచ్చే 483 ఫారం అంటే మన కంపెనీల్లో అందరికీ హడలు. 1993లో ఎలై లిల్లీకి చెందిన ఫోర్‌మన్, ముల్లెన్ ప్రతిపాదించిన కొలమానాలు నేటికీ వాడుకలో ఉన్నాయి: కంటికి మడ్డి కనిపించకూడదు, ముందటి మందు తర్వాతి మందులో పది లక్షల్లో 10 వంతులు మించకూడదు, ముందటి మందు మోతాదులో వెయ్యోవంతు మించి తర్వాతి దాంతో రోగికి చేరకూడదు. అందుకే రియాక్టర్ గోడను నిర్ణీత వైశాల్యం మేర స్వాబ్‌తో తుడిచి, ఆ స్వాబ్‌ను ల్యాబుకు పంపుతారు. పెప్టైడ్ మందుల మీద 2021లో వచ్చిన అమెరికా మార్గదర్శకం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. లిరాగ్లూటైడ్, టెరిపారటైడ్, గ్లూకగాన్ వంటి వాటి జెనరిక్ తయారుచేసేవాళ్లు అసలు మందులో లేని కొత్త పెప్టైడ్ మలినం ఏదైనా 0.5 శాతం మించకుండా చూపించాలి. గొట్టం వంపులో నిలిచిన పైపెరిడీన్ చేర్పించిన అదనపు గ్లైసీన్ గొలుసు కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ఇంత పెద్ద పరిశ్రమకు కావలసిన మొదటి అలవాటును నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల ల్యాబుల్లోనే నేర్పవచ్చు. డిగ్రీ కెమిస్ట్రీ చెప్పే మాస్టార్లకు నా విన్నపం ఇది. సున్నపురాతి పొడి, గ్లైసీన్, బెంజాయిక్ ఆమ్లం మూడు వాచ్‌గ్లాసుల్లో పోసి పేర్లు చెప్పకుండా పిల్లల ముందు పెట్టండి. మూడూ తెల్లగానే ఉంటాయి. నీళ్లలో కరిగి నిన్‌హైడ్రిన్‌తో వేడిచేస్తే ఊదారంగు ఇచ్చేది గ్లైసీన్, సజల ఆమ్లంలో పొంగేది సున్నపురాయి, సోడియం బైకార్బొనేటు ద్రావణంలో పొంగేది బెంజాయిక్ ఆమ్లం. ఈ రసాయనాలన్నీ మీ అలమరాల్లోనే ఉంటాయి. ఏది ఏమిటో తేల్చి నోట్‌బుక్కులో రాసిన తర్వాతే వాచ్‌గ్లాసు కడగనివ్వండి.